చుట్టీల జాదూ టికెట్‌లో లేదు

దసరా చుట్టీలు దగ్గర పడ్డాయంటే మన ఇళ్లలో ఒకటే పంచాయితీ. పిల్లలు వండర్‌లా అంటారు, రామోజీ ఫిల్మ్ సిటీ అంటారు. ఇంకాస్త పెద్దపిల్లలైతే ఫోన్‌లో డిస్నీల్యాండ్ వీడియోలు చూపించి నిట్టూరుస్తారు. అబ్బా మౌనంగా లెక్క వేసుకుంటాడు. ఒక్కో టికెట్ వెయ్యి రూపాయలు దాటుతుంది. మియాబీవీ, ముగ్గురు బచ్చాలు, ఇంట్లో ఒంటరిగా వదిలి రాలేని దాదీ. ఆపైన రానూపోనూ ఖర్చు, లోపల తిండి ఖర్చు. మెకానిక్ షెడ్డు మీదో, చిన్న కిరాణా కొట్టు మీదో, ప్రైవేటు స్కూలు టీచర్ నౌకరీ మీదో బతికే ఇంటికి అది ఒక నెల రేషన్. ఆఖరికి "ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడు" అనే మాటతో పంచాయితీ ముగుస్తుంది. అబ్బా నోట ఆ ఇన్షా అల్లాహ్ వస్తే "లేదు" అని అర్థమని పిల్లలకు ఎప్పుడో తెలిసిపోయింది.

ఈ పంచాయితీలో నా రాయ్ కూడా ఒకటి చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పిల్లలు పేరుకు రోలర్ కోస్టర్ అడుగుతారు గానీ, వాళ్లకు నిజంగా కావలసింది హైరత్. నోరు తెరుచుకుని, పక్కనున్నవాళ్ల చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిపోయే ఆ ఒక్క నిమిషం. ఆ హైరత్‌ను ఈ దక్కన్ గడ్డ మీద మన బుజుర్గులు రాయిలో, సున్నంలో, నీళ్లలో కట్టి పెట్టి పోయారు. పిల్లల్ని అక్కడికి సరిగ్గా తీసుకుపోయే పని మాత్రం మనం చేయడం లేదు.

థీమ్ పార్కులను తిట్టడానికి నేను కూర్చోలేదు. అక్కడ టికెట్ కొన్నవాళ్లంతా ఒకే లైన్‌లో నిలబడతారు. బురఖాలో ఉన్న పిల్ల కూడా అందరితో పాటు గొంతెత్తి అరవచ్చు, ఎవరూ తిరిగి చూడరు. బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి, తాగడానికి నీళ్లు దొరుకుతాయి. ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన తల్లికి ఇవి చిన్న సంగతులు కావు. తాహతు ఉంటే తీసుకుపోండి, షౌక్‌గా తిరగనివ్వండి.

అయితే ఆ జాదూ ఎలా పుడుతుందో కాస్త గమనించండి. 1955 జులైలో వాల్ట్ డిస్నీ కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో మొదటి డిస్నీల్యాండ్ తెరిచాడు. లోపలున్నవాళ్లకు బయటి లోకం కనబడకూడదని పార్కు చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోయించాడు. పెద్ద వీధిలో ఇళ్ల పై అంతస్తులను కింది అంతస్తుల కంటే చిన్న కొలతలతో కట్టించాడు, కంటికి అవి ఉన్నదానికంటే ఎత్తుగా తోచాలని. వీధి చివర ఒక ఖిలా నిలబెట్టాడు, దాన్ని చూస్తూ పిల్లలు వాళ్లంతట వాళ్లే లోపలికి నడిచి రావాలని. ఆ ఖిలా ఎత్తు 77 అడుగులు. మన చార్మినార్ దానికి సుమారు రెట్టింపు. చెప్పొచ్చేదేమంటే, జాదూ ఊరికే రాదు. మనిషి ఎక్కడ నిలబడతాడు, ఏం చూస్తాడు, ఏం వింటాడు అని ఎవరో ఒకరు కూర్చుని హిసాబ్ వేసి కట్టాలి.

ఆ హిసాబే గోల్కొండలో ఉంది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరాన కొండ నెత్తిన ఉన్న బాలా హిసార్‌లో వినిపిస్తుంది. కరెంటు లేదు, మైకు లేదు. కింద దోస్త్ వచ్చాడో దుష్మన్ వచ్చాడో పైవాళ్లకు ఖబర్ అందడానికి చేసుకున్న ఏర్పాటు అది. మరి ఆ కొండ మీదికి నీళ్లు ఎలా ఎక్కాయి? రహట్లతో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి తోడి, మట్టి గొట్టాల్లో పారించి, అంచెలంచెలుగా పైకి చేర్చారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ గోడల్లో కనబడతాయి. మోటారు లేని రోజుల్లో నీళ్లు కొండెక్కాయంటే ఏ బచ్చాకైనా అది జాదూయే.

ఇంకొంచెం దూరం పోగలిగితే బీజాపూర్ ఉంది, ఇప్పుడు విజయపుర అంటున్నారు. అక్కడి గోల్ గుంబజ్ 1656లో ఇంతఖాల్ అయిన ముహమ్మద్ ఆదిల్ షా మఖ్బరా. గుమ్మటం బయటి వ్యాసం 44 మీటర్లు, లోపల దాన్ని మోసే స్తంభం ఒక్కటీ లేదు. నాలుగు మూలల్లో ఏడంతస్తుల బురుజులు, వాటిలోని మెట్లెక్కితే గుమ్మటం లోపలి అంచున చుట్టూ వసారా. అక్కడ గోడ దగ్గర నోరు పెట్టి గుసగుసలాడితే ఎదురుగా ఆ చివర ఉన్నవాళ్ల చెవిలో పడుతుంది. ఒక్కసారి చప్పట్లు చరిస్తే ఆ చప్పుడు ఏడుసార్లకు తక్కువ కాకుండా తిరిగి వస్తుంది. ఇంట్లో రిమోట్ కోసం కొట్టుకునే అన్నాచెల్లెళ్లను చెరో వైపు నిలబెట్టి చూడండి. అక్కడ మాత్రం ఒకరి మాట ఒకరు వింటారు.

హైదరాబాద్‌కు సుమారు 140 కిలోమీటర్లలో బీదర్. ఫజర్ చదివి బయలుదేరితే ఇషా తరువాత ఇంటికి చేరొచ్చు. ఖిలాలోని రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్పను పొదిగిన ద్వారం ఉంది. ఊరి కింద ఇరాన్ పద్ధతిలో తవ్విన కరేజ్ ఉంది, అంటే నేల లోపల నీళ్లను నడిపించే సొరంగం. ఇక బిద్రీ పని జరిగే కార్ఖానాలో పిల్లల్ని ఒక అరగంట కూర్చోబెట్టండి. జింకులో కాస్త రాగి కలిపి పోత పోస్తారు, చెక్కి వెండి తీగ పొదుగుతారు, ఆఖరున ఖిలాలో ఎండావానా తగలని చోటి మట్టిని నౌషాదర్‌తో కలిపి మరిగించి ఆ పాత్రకు పట్టిస్తారు. లోహం కాటుకలా నల్లబడిపోతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ అలాగే ఉంటుంది. ఏ పార్కులో మెజీషియన్ ఇంతకంటే మంచి ఖేల్ చూపిస్తాడు?

ఇదంతా ఉన్నా మన పిల్లలకు అక్కడ జాదూ ఎందుకు తగలదు? మనం తీసుకుపోయే తీరు అలాంటిది. పండుగ మర్నాడో, మండే మే నెలలోనో బిర్యానీ దేగ్చా వ్యాన్‌లో పెట్టుకుని బయలుదేరతాం. చేరేసరికి జొహర్ వేళ. రాళ్లు కాలుతుంటాయి. నీడ చూసి దస్తర్‌ఖాన్ పరుస్తాం. తిన్నాక మగపిల్లలు పైకెక్కి సెల్ఫీలు, పెద్దలు కునుకు. దిగి వచ్చినవాళ్లను ఏం చూశారంటే "క్యా హై ఉధర్, టూటీ హుయీ దీవారేఁ" అంటారు. పార్కులో అయితే లైన్‌లో నిలబడినప్పుడే ఏదో ఒక కహానీ మొదలవుతుంది, రైడ్ ఆ కహానీలోనే నడుస్తుంది. మన ఖిలాలో దాస్తాన్ చెప్పాల్సింది మనం. మనం చెట్టు కింద నిద్రపోతున్నాం.

మనం చెప్పని చోట ఇంకొకరు చెబుతారు. నా ఫికర్ అంతా దీని గురించే. ఇవాళ మన పిల్లల చెవుల్లో రెండే కహానీలు పడుతున్నాయి. ఒకటి వాట్సాప్‌లో వచ్చేది: ఇవన్నీ బయటి నుంచి వచ్చిన దోపిడీదార్ల కట్టడాలు. రెండోది మన మహఫిల్‌లోనే వినబడేది: ఒకప్పుడు మేం ఇక్కడ హుకూమత్ చేశాం, హాయ్ వో జమానా. మొదటిది విన్న పిల్లవాడు క్లాసులో తల దించుకుంటాడు. రెండోది విన్న పిల్లవాడు ఉత్త గప్పాలు నేర్చుకుంటాడు. పంక్చర్ షాపు నడిపే అబ్బాకు, బీడీలు చుట్టే అమ్మీకి ఏ హుకూమత్ ఎప్పుడు దక్కిందని? రెండు కహానీలూ పిల్లల్ని ఆ గోడ దగ్గరికి పోనివ్వవు, చెయ్యి పెట్టి తాకనివ్వవు.

గోల్కొండ సంగతే తీసుకోండి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఆ ఖిలాను గెలుచుకున్నవాడు ఔరంగజేబ్. లోపల ఉన్న సుల్తాన్ అబుల్ హసన్ తానాషా. ఆయన రాజ్యాన్ని నడిపిన మంత్రులు మాదన్న, అక్కన్న. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను బంధించిన ఖైదుఖానా అని ఇప్పటికీ ఖిలాలో ఒక కొట్టు చూపిస్తారు. కొండ మీద ఇబ్రహీం మసీదు ఉంది, జగదాంబ అమ్మవారి గుడీ ఉంది. ఆషాఢంలో నగరం బోనాలు మొదలయ్యేది ఇక్కడే. ఇదంతా ఏ వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఇముడుతుంది? "ముసల్మాన్ బాద్‌షా ముసల్మాన్ సుల్తాన్ మీదికి ఎందుకు వచ్చాడు అబ్బా?" అని మీ పాప అడిగిందంటే, ఆ ఒక్క సవాల్‌తో అసలు తవారీఖ్ మొదలైనట్టే. జవాబు వెంటనే చెప్పలేకపోయినా ఫర్వాలేదు, ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.

ఖిలాకు కూతవేటు దూరంలో సాత్ గుంబద్, కుతుబ్ షాహీల మఖ్బరాలు. ఆగా ఖాన్ ట్రస్ట్ 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి అక్కడ మరమ్మతు మొదలుపెట్టింది. పూడిపోయిన బావ్లీలను బాగుచేశారు, 2022లో వాటికి యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఖాందాన్ అంతా అక్కడ ఉంటే, ఆఖరి సుల్తాన్ తానాషా ఒక్కడు లేడు. దౌలతాబాద్ ఖైదులో ప్రాణం విడిచి ఖుల్దాబాద్ మట్టిలో ఉన్నాడు. ఆయన చోటు ఇక్కడ ఎందుకు ఖాళీ అని పిల్లలకు చెప్పి చూడండి, ఎంత అల్లరి పిల్లలైనా ఒక నిమిషం నిశ్శబ్దం అయిపోతారు.

ఆడపిల్లలు ప్రిన్సెస్ కథలు అడుగుతారు కదా. హయాత్ బక్షీ బేగం మఖ్బరా దగ్గర నిలబడి చెప్పండి. హైదరాబాద్‌ను కట్టించిన ముహమ్మద్ కులీ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఇంకో సుల్తాన్ తల్లి. కొడుకు అబ్దుల్లా చిన్నవయసులో తఖ్త్ ఎక్కితే అతని వెనుక సల్తనత్‌ను నడిపింది ఆమె. హయాత్‌నగర్ ఆమె పేరే. బస్సు బోర్డు మీద రోజూ కనబడే పేరు ఒక షెహజాదీదని తెలిస్తే, ఆ పిల్ల మళ్లీ ఆ బస్సును మామూలుగా చూడదు.

ఇంకో మాట నా చదువులోంచి చెబుతాను. ఉర్దూ మీడియం బడిలో మాకు ముహమ్మద్ కులీ దక్కనీ షాయరీ గురించి చెప్పారు, వాళ్ల అబ్బా ఇబ్రహీం కుతుబ్ షా ఒక వాక్యంలో వచ్చి పోయాడు. తరువాత డిగ్రీలో తెలుగు చదివితే మల్కిభరాముడు అనే ప్రభువు తగిలాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆ మల్కిభరాముడూ ఈ ఇబ్రహీమూ ఒకే మనిషి. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాసి అంకితమిచ్చిన అమీన్ ఖాన్ కూడా కుతుబ్ షాహీ అమీరే. ఉర్దూ సిలబస్‌కు తెలుగు పేరు తెలియదు, తెలుగు సిలబస్ ఆ మఖ్బరా దాకా పిల్లల్ని నడిపించుకుపోదు. మన పిల్లలను బడిలో, ఆఫీసులో ఇప్పటికీ ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంది: "నీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చు?" మెచ్చుకోలే గానీ, లోపల చిన్న ముల్లు ఉంటుంది. ఇబ్రహీం మఖ్బరా దగ్గర నిలబడి ఈ కథ విన్న పిల్లకు ఆ ప్రశ్న ముందు తడబాటు ఉండదు. నవ్వి, నాలుగు వందల ఏళ్ల కిందటి జవాబు ఒకటి చెబుతుంది.

బీదర్‌లో ఇలాంటిదే ఇంకో దాస్తాన్ ఉంది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్ అక్కడ పెద్ద మదర్సా కట్టించాడు, 1472లో పూర్తయింది. దూరదూరాల ఆలిములు వచ్చి చెప్పేవారు, పెద్ద కుతుబ్‌ఖానా ఉండేది. 1481లో దర్బారులోని దుష్మన్లు ఆయన ముద్రతో ఒక దొంగ ఖత్ పుట్టించి సుల్తాన్‌కు చూపిస్తే, నిజమా అబద్ధమా అని విచారించకుండా సుల్తాన్ ఆయన తల తీయించాడు. తరువాత 1696లో మందుగుండు పేలి మదర్సా సగం కూలింది. మిగిలిన ఒక్క మినార్, గోడ మీద నీలిరంగు పలకలు ఇప్పటికీ ఉన్నాయి. తహకీక్ చేయకుండా ముందుకు తోసిన ఒక్క అబద్ధం ఎంత పని చేస్తుందో ఫోన్ చేతిలో ఉన్న మన పిల్లలకు ఇంతకంటే బాగా ఎక్కడ చెప్పగలం?

రాయలసీమ వాళ్లు హైదరాబాద్ దాకా రావాల్సిన పని కూడా లేదు. కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుంబద్ ఉంది. గండికోటలో ఒకే కోటగోడ లోపల జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం ఉన్నాయి, పక్కన పెన్నా కొండను కోసుకుంటూ పారే లోయ. ఆ లోయ అంచున నిలబడితే పెద్దవాళ్లకే మాట రాదు.

మనలో కాస్త కలిగినవాళ్లకు ఇప్పుడు తుర్కీ పిచ్చి పట్టింది. ఎర్తుగ్రుల్ సీరియల్ ఉర్దూ డబ్బింగ్‌లో చూశాక ఉమ్రాకు ఇస్తాంబుల్ జోడించిన ప్యాకేజీలు బాగా నడుస్తున్నాయి. పోవడం తప్పు కాదు, ముబారక్. కానీ లక్షలు పోసి అక్కడి మినార్లు చూపించిన పిల్లవాడికి ఇంటి దగ్గరి బీదర్ మినార్ తెలియకపోతే, విరాసత్ అంటే విమానం ఎక్కితే తప్ప దొరకనిది అనుకుంటాడు. తను పుట్టిన మట్టిలో తనదంటూ ఏమీ లేదనుకుంటాడు. ఆ మాట మనకు గిట్టనివాళ్లు ఎలాగూ అంటున్నారు, మనం కూడా నేర్పించాలా?

కొందరు బుజుర్గులు సైర్ సపాటా ఫజూల్ ఖర్చు అంటారు, సఫర్ అంటే జియారత్‌కే అంటారు. ఖుర్ఆన్ పాక్‌లో భూమ్మీద సఫర్ చేసి కళ్లు తెరిచి చూడమనే హుకుమ్ పలుచోట్ల వస్తుంది. ఆ అరబీ మాట, మనం రోజూ వాడే సైర్ అనే మాట ఒకే మూలం నుంచి పుట్టాయి. ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుకు తగ్గించిన దీన్ మనది. ప్రయాణాన్ని అంత లిహాజ్‌గా చూసిన దీన్‌లో ఉండి పిల్లలకు లోకం చూపించడాన్ని ఫజూల్ అనడం నాకు సబబుగా తోచదు.

ఇక అమ్మీ సంగతి. మన సైర్ ఏదైనా సరే, అమ్మీకి అది చుట్టీ కాదు. తెల్లవారుజామున లేచి వండాలి, డబ్బాలు సర్దాలి, అక్కడికి పోయాక సామాను దగ్గర కాపలా కూర్చోవాలి. అందరూ పైకెక్కి వస్తారు, ఆమె కిందే ఉంటుంది. గోల్కొండకు నాలుగుసార్లు పోయి బాలా హిసార్ ఎక్కని అమ్మీలు, ఖాలాలు మన ఖాందాన్లలో ఎంతమంది లేరు! ఆ రోజుకు దేగ్చా మానేయండి. రొట్టె, ఖాగీనా, నాలుగు అరటిపళ్లు చాలు. ఎవరి సంచీ వాళ్లు మోయాలి. దాస్తాన్ చెప్పే పని నానీదో అమ్మీదో అయితే ఇంకా మంచిది, మన ఇళ్లలో కహానీ చెప్పే నోరు ఎప్పుడూ వాళ్లదే.

"అక్కడ నీళ్లుండవు, బాత్‌రూములు సరిగ్గా ఉండవు, దాదీ మెట్లెక్కలేదు" అనేవాళ్ల మాటలో నిజముంది. చాలా కట్టడాల దగ్గర ఏర్పాట్లు ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు సరిపడా లేవు. ఆ సంగతి అడిగేది వచ్చిపోయేవాళ్లే. ఫిర్యాదు పుస్తకంలో రాయండి, శాఖకు అర్జీ పెట్టండి. అలాగే గోడల మీద పేర్లు గీకేవాళ్లలో మన పిల్లలు లేకుండా చూసుకోండి. మెట్లెక్కలేని దాదీకి సాత్ గుంబద్ తోట మేలు.

ఖర్చు మాటకు వస్తే, గోల్కొండలో మనవాళ్లకు టికెట్ 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అసలు లేదు. మే నెల వద్దు, దసరా తరువాత నుంచి ఫిబ్రవరి దాకా పోండి. గేటు తెరిచే వేళకే చేరండి. పోయే ముందు రాత్రి ఒక్క దాస్తాన్ చెప్పి పడుకోబెట్టండి, ఒక్కటే, మిగతావి అక్కడ. ఒక రోజుకు ఒకే చోటు చూడండి. ఇంటికొచ్చాక పిల్లల చేత వాళ్ల మాటల్లో, ఉర్దూలోనో తెలుగులోనో, నాలుగు లైన్లు రాయించండి.

ఈ చుట్టీల్లో పంచాయితీ మొదలైనప్పుడు "వచ్చే ఏడు" అనకండి, "వచ్చే ఇత్వార్" అనండి. చిన్నవాణ్ణి అబ్బాతో ఫతే దర్వాజా కింద నిలబెట్టండి, అమ్మీని బాలా హిసార్ ఎక్కించండి. వాడు చప్పట్లు కొట్టాలి, పైన ఆమె వినాలి.